అయ్యగారి ఎడమ చెయ్యి

ఆ రోజుల్లో మా ఇంట్లో అలారం కంటే ముందు నా కడుపు లేచేది. అమ్మ ఐదున్నరకి అలారం పెట్టుకుంటే నా కడుపు ఐదుంపావుకే మెలితిరగడం మొదలుపెట్టేది. ఇప్పటి పిల్లలు దీనికి రకరకాల పేర్లు చెబుతారు, ఫోనులో చూసి వైద్యం కూడా చెబుతారు. మా ఇంట్లో దీనికి ఉన్న పేరు ఒక్కటే, పిరికితనం. బాగ్‌బేరా అనే హిందీవాళ్ల ఊళ్లో రైల్వే క్వార్టర్సులో పుట్టి, వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుళ్ల మధ్య నిద్రపోవడం నేర్చినదాన్ని కాబట్టి రైళ్లకి భయపడేదాన్ని కాదు. మనుషులకి భయపడేదాన్ని. మనుషుల్లోనూ నా వైపు చూసేవాళ్లంటే మరీ భయం. ఇది చాలదన్నట్టు గ్యాసు ఆపానా, నీళ్ల పంపు కట్టేశానా, తాళం వేశానా అన్న అనుమానాలు వేరే. తాళం చూసుకోవడానికి షేర్ ఆటో దిగి వెనక్కి నడిచిన రోజులు ఉన్నాయి. (ఇంట్లో అమ్మ ఉండగా అసలు తాళం ఎందుకు వేస్తారని మీరు అడగొచ్చు. ఆ ప్రశ్న నాకు గేటు దాకా వచ్చాక తట్టేది.)

అలాంటి నాకు ఇరవై మూడో ఏట పంతులమ్మ ఉద్యోగం దొరికింది. జుగ్సలాయి బజారు వెనక ఒక చిన్న బడి. ఏడో తరగతి, సైన్సు. మొదటి రోజు తరగతిలోకి అడుగుపెట్టి, తారీఖు వెయ్యడానికని బోర్డు వైపు తిరిగాను. అంతే, మళ్లీ ఇటు తిరగలేకపోయాను. వెనక నూట ఇరవై కళ్లు ఉన్నాయని నా వీపుకి తెలుస్తోంది. ఏం చెయ్యాలో తోచక మందారపువ్వు నిలువుకోత బొమ్మ మొదలుపెట్టాను. రేకులు వేశాను, కేసరాలు వేశాను, అండాశయం వేశాను, ఇంకా గంట కొట్టలేదు. కొమ్మ వేశాను, ఆకులు వేశాను, ఆకులకి ఈనెలు వేశాను, చివరికి కొమ్మ మీద ఒక చీమని కూడా వేశాను. గంట కొట్టాక చూసుకుంటే ఆ నలభై నిమిషాల్లో నా కడుపు ఒక్కసారి కూడా మెలితిరగలేదు. పిల్లలు బొమ్మ చూసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి మళ్లీ కడుపులో మొదలైంది.

నెల తిరిగేసరికి నేను అన్నం తినడం మానేశాను. అమ్మ కంగారు పడి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. బెంగాలీ ఆవిడ, పెద్ద బొట్టు, చాలా తీరికైన మనిషి. నేను చెప్పినదంతా విని, "ఈ మధ్య నీకు భయం వెయ్యని అరగంట ఏదైనా ఉందా?" అని హిందీలో అడిగింది. మందారపువ్వు సంగతి చెప్పాను. ఆవిడ చీటీ మీద రాసింది. బయటికొచ్చి చూస్తే అందులో మాత్రల పేరు లేదు. 'స్కెచ్ బుక్ ఒకటి, పెన్సిల్ ఒకటి, రోజుకి అరగంట' అని ఉంది. అమ్మకి ఒళ్లు మండిపోయింది.

"బొమ్మలెయ్యమందేటి? ఇంజక్షన్ రాయలేదేటి? ఒక టానిక్కయినా రాయలేదేటి? ఏటి డాక్టరమ్మే అది!"

"అచ్ఛా హై నా, సస్తే మే ఛూట్ గయే," అన్నాడు తమ్ముడు, చవగ్గా బయటపడ్డాం కదా అని. (అమ్మ తెలుగులో అడగడం, వాడు హిందీలో జవాబివ్వడం మా ఇంటి రివాజు. ఇద్దరికీ ఎదుటివాళ్ల భాష వచ్చు, ఇద్దరూ పట్టు వదలరు.)

జుగ్సలాయిలో కాగితాల కొట్టుకి వెళ్లి నల్ల అట్ట ఉన్న చిన్న స్కెచ్ బుక్ కొన్నాను. అప్పట్నుంచి రోజూ అరగంట. ఆటోవాడి చెవి, స్టాఫ్ రూములో కుండ, అమ్మ వంకాయలు తరిగే కత్తిపీట, పెరట్లో ఆరేసిన నాన్న రైల్వే గార్డు యూనిఫారం. గొప్పగా వేసేదాన్నని కాదు. పెన్సిలు కాగితం మీద పడి గీత కదలడం మొదలైతే నా కడుపు తన మానాన తను ఊరుకునేది. చిన్నపిల్లకి ఏదో ఒకటి చేతికిచ్చి కూర్చోబెట్టినట్టు ఉండేది నా సంగతి. సోమవారం నుంచి శనివారం దాకా ఇలా నడిచిపోయింది. వచ్చిన చిక్కల్లా ఆదివారంతోనే.

మా తెలుగు క్రైస్తవ సంఘం చిన్నది. కోస్తా నుంచి పనులకోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఓ ఎనభై ఉంటాయి. అందరూ అందరికీ తెలుసు. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనే పిలిచేవాళ్లం. నిలువెత్తు మనిషి, తెల్లబట్టలు, ఖంగుమనే గొంతు. ఆయన పులిపిటం, అంటే ప్రసంగం చేసే ఎత్తు బల్ల, వెనక నిలబడితే గోడమీద బల్లి కూడా కదలదని పెద్దవాళ్లు అనేవారు. ఆయనకి ఒక్క అలవాటు ఉండేది. ప్రసంగం జోరుగా సాగుతూ సాగుతూ ఉండగా హఠాత్తుగా ఆగిపోయి, జనం మీద ఒకసారి చూపు తిప్పి, "ఇప్పుడు ఫలానా సహోదరి లేచి ప్రార్థన చేస్తుంది" అనేవారు. ముందుగా చెప్పడం లేదు, కబురు లేదు. ఎవరి మీద పడుతుందో తెలీదు. ఆ చూపు తిరుగుతున్నంతసేపూ ఎనభై కుటుంబాలూ తలలు వంచుకునేవి, చెప్పుల బకిల్సు సరిచేసుకునేవి. వెల్డింగు పని చేసే ఒక అన్నయ్యని అలాగే లేపితే, పాపం ఆ కంగారులో భోజనానికి ముందు చేసే ప్రార్థన చేసి కూర్చున్నాడు. 'మా ముందున్న ఈ ఆహారాన్ని దీవించుము' అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. పన్నెండు దాటింది మరి.

నేను ఆదివారం పొద్దున్న గుడికి వెళ్లేది దేవుడి భయంతో కాదు, ఆ చూపు భయంతో. మానేద్దామంటే అమ్మ స్త్రీల సమాజానికి కార్యదర్శి. కార్యదర్శి కూతురు రాకపోతే ఇంకేమైనా ఉందా. అయితే కొన్నాళ్లు గమనించాక నాకొక రహస్యం దొరికింది. నోట్సు రాసుకునేవాళ్ల జోలికి అయ్యగారు వచ్చేవారు కాదు. మా సంఘంలో వాక్యం నోట్సు రాసుకోవడం ఒక మర్యాద. కార్ఖానాల్లో కొత్త సంవత్సరానికి పంచే డైరీలన్నీ ఆదివారాలు మా బెంచీల మీద తేలేవి. సరే, పోయిందేముంది అని నేను ఆదివారాలకని అలాంటిదే ఇంకో స్కెచ్ బుక్ కొని, దాన్ని పరిశుద్ధ గ్రంథం పెట్టుకునే జిప్పు సంచిలో గ్రంథం పక్కనే దూర్చి తీసుకెళ్లాను. ప్రసంగం మొదలవగానే తల వంచుకుని బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాను. చూపు నా మీదికి వచ్చింది, ఒక్క క్షణం ఆగింది, దాటిపోయింది. అమ్మయ్య అనుకున్నాను. దొంగకి తాళంచెవి దొరికితే ఇంకేముంది, ఆ తర్వాత ఏడాది పాటు ఒక్క ఆదివారం కూడా మానలేదు.

నేను కూర్చునే చోటు సంగతి కూడా చెప్పాలి. ఆడపిల్లల బెంచీ పక్క కిటికీ కింద, పులిపిటానికి దాదాపు పక్కగా ఉండేది. ఎదురుగా కూర్చున్నవాళ్లకి అయ్యగారు ఛాతీ నుంచి పైకే కనిపిస్తారు. మాకు పులిపిటం వెనక భాగం కూడా కనిపించేది. అందుకని నా బొమ్మల్లో ఆయన పూర్తిగా ఉండేవారు. ఆకాశంలోకి లేచిన కుడి చెయ్యి, తెరిచిన నోరు, పులిపిటం చాటున ఎడమ చెయ్యి, ఆ చేతిలో నీలం గళ్ల జేబురుమాలు. ఇంకా మైకు మావయ్యని వేసేదాన్ని. ఆయన సంఘ పెద్ద, రైల్వేలో రిటైరయ్యాడు, మైకు సెట్టు తాళాలు ఆయన మొలతాడుకి వేలాడేవి. ప్రసంగం మొదలైన పావుగంటకి నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. అమ్మని వేసేదాన్ని, కళ్లు మూసుకుని ముక్కు పైకెత్తి. భక్తో కునుకో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇలా హాయిగా జరిగిపోతుండగా, సంఘ వార్షికోత్సవం రెండు వారాలు ఉందనగా, మైకు మావయ్య ప్రకటనలు చదవడానికి లేచాడు. ఆంధ్రా నుంచి పెద్దయ్యగారు, అంటే మా పాస్టర్లందరికీ పెద్ద, ముఖ్య అతిథిగా వస్తున్నారన్నాడు. బిర్యానీ ఏర్పాటు యూత్ వాళ్లదన్నాడు. ఆ తర్వాత కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని నా వైపు తిరిగాడు.

"మనందరం నోట్సు రాత్తన్నామంటాం గానీ, నాలుగు ముక్కలు రాసి డైరీ మూసేత్తాం. అవునా కాదా? సచ్ బోలియే, నిజం సెప్పండి! మరి ఈ గుంట, మన కార్యదర్శమ్మ కూతురు, ఏడాదంతా ఒక్క వారం తప్పకుండా, వంచిన తల ఎత్తకుండా రాసింది. నాను సూత్తనే ఉన్నాను." (నిద్రపోతూ ఎలా చూశాడో ఆయనకే తెలియాలి.) "కాబట్టి అయ్యగారూ పెద్దలూ అనుకున్నదేటంటే, వార్షికోత్సవం నాడు పెద్దయ్యగారి ముందర, ఏడాది ప్రసంగాల సారం ఈ గుంటే పది నిమిషాలు సదివి వినిపిత్తాది. హల్లెలూయా!"

హల్లెలూయా అని ఎనభై కుటుంబాలూ అన్నాయి. నా చెవుల్లో ఏదో ఇంజను ఆవిరి వదిలినట్టయింది. అమ్మ వైపు చూశాను. అమ్మ నలుదిక్కులా నెమ్మదిగా, అందరికీ కనబడేలా నవ్వు పంచిపెడుతోంది. నా ఒళ్లో ఉన్న పుస్తకంలో ఏడాది ప్రసంగాల్లోంచి ఒక్క మాట కూడా లేదు, నోరు తెరిచి నిద్రపోతున్న మైకు మావయ్య మాత్రం పదకొండు సార్లు ఉన్నాడు.

ఆ రెండు వారాలూ నేను ఎలా బతికానో చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి, నాకప్పుడు ఏడుపే. మొదట తమ్ముణ్ని అడిగాను, ఏడాదిలో అయ్యగారు ఏం చెప్పారురా అని. "ప్యార్ కరో, ఝూఠ్ మత్ బోలో," అన్నాడు ఫోనులోంచి తల ఎత్తకుండా. ప్రేమించండి, అబద్ధం ఆడకండి. పది నిమిషాలు నింపడానికి ఇది చాలదురా అంటే, ఇంటర్నెట్ నుంచి ఎత్తెయ్యమన్నాడు. పోనీ అమ్మ డైరీ ఉందిగా అని, అమ్మ బజారుకి వెళ్లినప్పుడు తీసి చూశాను. ప్రతి ఆదివారం పేజీలో పైన తారీఖు, కింద 'ఈ దినపు వాక్యము' అని చక్కని అక్షరాలతో రాసి గీత కొట్టి ఉంది. గీత కింద చింతపండు అరకిలో, తాలింపు గింజలు, టైలరుకి ఇచ్చిన జాకెట్టు కొలతలు. ఒక వారం మాత్రం 'ఓపిక చాలా ముఖ్యము' అని ఉంది. అది ప్రసంగమో, టైలరు గురించో అర్థం కాలేదు.

నిజం అమ్మకి చెప్పేద్దామని మూడుసార్లు వంటింట్లోకి వెళ్లాను. మూడోసారి వెళ్లినప్పుడు అమ్మ పలాసలో ఉన్న అత్తతో ఫోనులో మాట్లాడుతోంది. "మా గుంట నోట్సంటే మామూలు నోట్సు కాదు వదినా. పెద్దయ్యగారు మరి ఆంధ్రా నుంచి రైలెక్కి వత్తన్నారంటే మరేటనుకున్నావు? పిరికిది పిరికిదని అందరూ అన్నోళ్లే, నువ్వూ అన్నావు. ఇప్పుడు సూడు!" నేను గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను. అప్పటిదాకా నేను భయపడింది నా పరువు గురించి. ఆ మాట విన్నాక అమ్మ పరువు కూడా తెచ్చి నా నెత్తిమీద పెట్టినట్టయింది. ఇన్నేళ్లూ నా తరఫున అమ్మ ఎంతమందితో ఎన్ని మాటలు పడిందో నాకు ఆ రోజు తెలిసింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. పుస్తకం తెరిచాను, గీత కూడా రాలేదు. మందే విషమైతే ఇంక ఏ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లను?

చివరికి వార్షికోత్సవం నాలుగు రోజులుందనగా, బడి నుంచి నేరుగా అయ్యగారి ఇంటికి వెళ్లాను. జ్వరం వచ్చిందని చెప్పి తప్పించుకుందామని దారంతా అనుకున్నాను. గుమ్మంలో అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, ఎదురొచ్చి నుదురు మీద చెయ్యి వేసి "ఏటమ్మా, ఇలగ చల్లగా అయిపోనావు?" అంది. దాంతో జ్వరం ఉపాయం గుమ్మంలోనే పోయింది. అయ్యగారు లుంగీ మీద కుర్చీలో కూర్చుని ఇడ్లీ ముక్కని టీలో ముంచుకు తింటున్నారు. అంత పెద్దమనిషిని అలా చూడ్డం నాకు అదే మొదటిసారి. 'అయ్యగారండీ' అన్నాను. జిప్పు సంచి ఆయన చేతిలో పెట్టేసి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"నోట్సు సూపించడానికొచ్చేవా? మంచిదే," అని ఆయన పుస్తకం తీశారు. మొదటి పేజీ తిప్పారు. రెండోది తిప్పారు. చేతిలో ఇడ్లీ టీలో పడిపోయింది. ఆయన పేజీలు తిప్పుతూనే ఉన్నారు. నేను గోడమీద క్యాలెండరులో ఆ నెల ఆదివారాలు లెక్కపెట్టాను, తర్వాత శనివారాలు లెక్కపెట్టాను. మైకు మావయ్య పేజీ దగ్గర ఆయన మీసం కొంచెం కదిలింది. కానీ తన బొమ్మల దగ్గరికి వచ్చినప్పుడల్లా మొహం పాలిపోతోంది. ఒక బొమ్మ మీద వేలు పెట్టి, వెనక్కి తిప్పి, ఇంకో బొమ్మ మీద వేలు పెట్టి, అలా ఏడెనిమిది చోట్ల చూశారు. ఇంక అయిపోయింది, సంఘంలోంచి మా కుటుంబాన్ని తీసేస్తారు, అమ్మ కార్యదర్శి పదవి పోతుంది, నాన్న సిక్కు లీవు పెట్టి ఊరు వెళ్లిపోవాల్సిందే అనుకున్నాను.

"ఇది కనబడుతోందేటి?" అన్నారు అయ్యగారు చాలా చిన్న గొంతుతో.

నేను దగ్గరికి వెళ్లి చూశాను. ఆయన వేలు ఎడమ చేతి మీద ఉంది. ప్రతి బొమ్మలోనూ ఆ చెయ్యి జేబురుమాలుని ఉండ చుట్టి, పిడికిట్లో పిసికి పట్టుకుని ఉంది. నేను వేసిందే, ఏడాదంతా నా చేత్తో నేనే వేశాను, అది ఏమిటో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. మా బెంచీ నుంచి కనబడుతుందండీ అన్నాను.

"ఓలమ్మో," అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. లోపల్నుంచి అమ్మగారు నవ్వింది. "సెప్పీయండి, గుంట భయంతో సచ్చిపోతంది. ఇరవై రెండేళ్ల బట్టీ ఆదివారం పొద్దున్న ఈయన గొంతులో ఇడ్లీ ముక్క దిగదమ్మా. అందుకే బుధవారాలు తింతారు."

అయ్యగారు అమ్మగారి వైపు ఉరిమి చూశారు, ఆ చూపు ఆవిడ మీద పనిచెయ్యలేదు. అప్పుడు ఆయన నాకు చెప్పిన మాటలు ఇన్నేళ్లయినా ఒక్క అక్షరం మర్చిపోలేదు. "భయమేనమ్మా. అక్కడ నిలబడితే కింద ఉన్నోళ్లందరూ నన్నే సూత్తారు కదా. నాలిక పిడచకట్టుకుపోతాది. ఒక్కోసారి సెప్తా సెప్తా తర్వాత మాటేటో మర్చిపోతాను. అప్పుడేటి సెయ్యాలి? ఎవుల్నో ఒకల్ని ప్రార్థనకి లెగమంటాను. ఆళ్లు ప్రార్థన సేసేలోపల నాను కాగితం సూసుకుంటాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎనభై కుటుంబాలు ఏళ్ల తరబడి చెప్పుల బకిల్సు సరిచేసుకుంటూ వణికిపోయింది దీనికా! కానీ ఆయన చెప్పడం ఇంకా అవలేదు. "నిన్నెప్పుడూ లెగమనలేదు, ఎందుకో తెలుసా? అందరూ ఆవులించినా, పెద్దాయన గురక పెట్టినా, పక్క బెంచీలో ఒక గుంట తలొంచుకుని నా మాట రాసుకుంటంది కదా అని అటు సూసీవోణ్ని. ధైర్యమొచ్చేది. అలాటిదాన్ని కదపబుద్ధయ్యేది కాదు."

అప్పుడు మాత్రం నాకు ఏడుపే వచ్చింది. ఆయన చూపు తప్పించుకోవడానికి నేను తల వంచుకున్నాను. ఆయన ఆ వంచిన తలని చూసుకుని ఏడాది గడిపారు. ఒక్క మాట కూడా రాసుకోలేదండీ, క్షమించండి అని వెక్కుతూ చెప్పాను. ఆయన టీలోంచి ఇడ్లీ ముక్క చెంచాతో తీసుకుంటూ, "ఇయ్యి రాతల కన్నా ఎక్కువే సెప్తన్నాయిలే," అన్నారు. చదవడం మాట ఏమిటండీ అంటే, బొమ్మలు చూసి ఏది గుర్తొస్తే అదే చెప్పమన్నారు. గుర్తు రాకపోతే ఏం చెయ్యాలని అడిగాను. "అదే తెలిస్తే నాకీ రుమాలెందుకమ్మా?" అన్నారు. గుమ్మం దాకా వచ్చి, ప్రార్థన సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. (ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టున పెడుతున్నాను. ఆయన క్షమిస్తారు.)

వార్షికోత్సవం రోజు గుడి కిక్కిరిసిపోయింది. వెనక షామియానాలో బిర్యానీ గుండిగలు. అమ్మ కొత్త చీర. తమ్ముడు కూడా ఫోను జేబులో పెట్టి, "టెన్షన్ మత్ లో, దీదీ," అని అక్కకి ధైర్యం చెప్పి మరీ ముందు వరసలో కూర్చున్నాడు. ఆ మాట వినగానే ఉన్న టెన్షనుకి ఇంకో రెండింతలు వచ్చి చేరింది. మైకు మావయ్య నా పేరు పిలిచాడు. నేను పులిపిటం దాకా ఎలా నడిచానో గుర్తులేదు. పుస్తకం ఎవరికీ కనబడకుండా దగ్గరగా పట్టుకుని తెరిచాను. మొదటి బొమ్మలో మైకు మావయ్య నిద్ర. దాని వెనక కిటికీలో వాన గీతలు ఉన్నాయి. చూడగానే ఆ ఆదివారం రేకుల మీద వాన చప్పుడూ, ఆ చప్పుడు మీదుగా అయ్యగారు అరిచి చెప్పిన మాటా చెవిలో మోగాయి. పొరుగువాడి ఇల్లు కారుతుంటే మన ఇంట్లో నిద్ర ఎలా పడుతుంది అన్నారు ఆయన. ఆ మాటే చెప్పాను. ఇంకో పేజీలో అమ్మగారి గాజులు. అవి వేస్తున్నప్పుడు క్షమించడం గురించి చెప్పారు, అదీ చెప్పాను. చెయ్యి గీస్తున్నంతసేపూ చెవులు వాటి పని అవి చేసుకున్నాయని నాకు అప్పుడు తెలిసింది. నాలుగు నిమిషాలు, అయిదు నిమిషాలు, గొంతు కూడా కొంచెం నిలబడింది.

తర్వాతి పేజీ తిప్పాను. అమ్మ బొమ్మ. తల ఎత్తి నిజం అమ్మ వైపు చూశాను. అమ్మ కళ్లు మూసుకోలేదు. నా వైపే చూస్తూ, నేను పలకబోయే మాటలన్నీ తనే పలుకుతున్నట్టు పెదాలు కదుపుతోంది. అంతే, నా బుర్రలో దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఫ్యాను తిరుగుతోంది. పెద్దయ్యగారు దగ్గారు. అమ్మ పెదాలు కదలడం ఆగిపోయింది. నా ఎడమ చెయ్యి పులిపిటం చాటున చున్నీ కొసని దొరకబుచ్చుకుని పిసకడం మొదలుపెట్టింది. ఎంతసేపు గడిచిందో, చివరికి నా నోట్లోంచి ఖంగున ఒక గొంతు వచ్చింది. అది నాదేనని ఇప్పటికీ నమ్మలేను.

"ఇప్పుడు మన అయ్యగారు లేచి ప్రార్థన చేస్తారు."

మా సంఘం పుట్టాక అయ్యగారిని ఎవరైనా లేపడం అదే మొదలు. ఆయన లేచారు. నోరు అచ్చం నా బొమ్మల్లో ఉన్నట్టే తెరుచుకుంది. ఎడమ చెయ్యి జేబులోకి వెళ్లింది, ఖాళీగా బయటికి వచ్చింది. (పెద్దయ్యగారి కుర్చీ మీద దుమ్ము తుడవడానికి రుమాలు ఇచ్చేశారని తర్వాత తెలిసింది.) ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. ఆ గుడిలో ఆయన భయం తెలిసినది అమ్మగారి తర్వాత నేనొక్కదాన్నే. ఆయన కళ్లు మూసుకుని, ఆ గంభీరమైన గొంతుతో, "ప్రభువా, మా ముందున్న ఈ ఆహారాన్ని దీవించుము," అన్నారు.

గుడి మొత్తం ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది వెల్డింగు అన్నయ్య. ఆ తర్వాత ఎవరు మొదలుపెట్టారో గానీ నవ్వు వెనక వరసల్లోంచి అలలా ముందుకొచ్చింది. పెద్దయ్యగారు కూడా, బిర్యానీ వాసన వచ్చాక ఇంతకంటే తగిన ప్రార్థన లేదంటూ నవ్వేశారు. నా పది నిమిషాలు అలా అయిదున్నర నిమిషాల్లో ముగిశాయి. భోజనాల దగ్గర అమ్మ ప్రతి విస్తరి దగ్గరా ఆగి చెప్పింది, "సూసి సదవలేదు, అంతా నోటికే సెప్పీసింది." నేను కాదనలేదు. (చాలా ఏళ్ల తర్వాత అమ్మ ఆ పుస్తకం తెరిచి చూసింది. ఒక్కటే అడిగింది, "నా ముక్కు ఇంత పొడుగేటే?")

ఆ సాయంత్రం అయ్యగారు, "ఒక్క వారం ఇయ్యమ్మా," అని నా పుస్తకం అడిగి తీసుకున్నారు, తర్వాతి ఆదివారం జిప్పు సంచిలో పెట్టి తిరిగి ఇచ్చారు. ఇంటికొచ్చి అన్ని పేజీలూ ఉన్నాయా లేవా అని మూడుసార్లు చూసుకున్నాను, నా సంగతి మీకు తెలుసు కదా. మూడోసారికి గానీ చివరి పేజీ చూడలేదు.

ఇప్పుడు నేను సిద్ధగోరాలో ఉంటున్నాను, ఇంకా పంతులమ్మనే. పాఠం మధ్యలో మాట తప్పిపోతే, ఎవరో ఒకర్ని లేపి "తర్వాతి పేరా చదువమ్మా" అంటాను, ఆ లోపల కాగితం చూసుకుంటాను. అయ్యగారు రిటైరై శ్రీకాకుళం వైపు వెళ్లిపోయారు. ఆదివారాలు కూడా ఇడ్లీ తింటున్నారని అమ్మగారు ఫోనులో చెప్పింది. రోజుకి అరగంట బొమ్మ ఈనాటికీ మానలేదు, నిండిన పుస్తకాలు బీరువాలో రెండు అరలు ఉన్నాయి. కడుపు మరీ మెలితిరిగిన రోజున మాత్రం ఆ ఆదివారాల నల్ల అట్ట పుస్తకం తీసి చివరి పేజీ తెరుస్తాను.

అక్కడ బాల్‌పెన్నుతో వేసిన ఒక బొమ్మ ఉంది. పెన్సిలు పట్టడం కూడా రాని మనిషి వేసిన బొమ్మ. తల బంగాళాదుంప, కళ్లు రెండు చుక్కలు, కాళ్లు రెండు పుల్లలు, ముందర ఒక మైకు. అది నేనని పోల్చుకోవడం చాలా కష్టం. ఎడమ చెయ్యి మాత్రం ఎంతో ఓపిగ్గా వేశారు, రెండు మూడుసార్లు దిద్దారు కూడా, అయిదు వేళ్లూ కుదిరాయి, పిడికిట్లో చున్నీ కొస ఉంది. పులిపిటం పక్కన కుర్చీలో కూర్చున్న ఆయనకి అది కనబడిందన్నమాట. ఆ బంగాళాదుంప తల పిల్లని చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఆ పిడికిలి మీద చెయ్యి వేసి, పక్కన కూర్చున్నాయన కూడా నీలాగే వణుకుతున్నారే పిచ్చిమొహమా, కాస్త చున్నీ వదులు, కొత్తది నలిగిపోతోంది అని చెప్పాలనిపిస్తుంది.